మరచెంబులో కృష్ణ

21 నవంబరు 2010, ఆదివారం. నాచారం.

ముందుగా క్షమాపణ. నా తెలుగు పేలవమైనది. పదో తరగతి తర్వాత ఏళ్ళ తరబడి ఫ్యాక్టరీ స్టోర్సులో గడిపి, ఆ పైన రాత్రి కళాశాలలో కునికిపాట్లు పడుతూ చదివి బి.ఏ. పట్టా పొందినవాడి తెలుగు ఎలా ఉండాలో అలాగే ఉంటుంది. ఎవరికి క్షమాపణ చెబుతున్నానో నాకే తెలియదు. ఈ డైరీ చదవవలసినవారు ఎవరూ లేరు. అయినా మొదలుపెట్టే ముందు మర్యాద పాటించడం నా పద్ధతి.

ఈ ఉదయం మహాబలేశ్వరం నుంచి తిరిగి వచ్చాను. కృష్ణానది పుట్టిన చోటు చూశాను. చూసినది ఎవరికైనా చెప్పాలనుకున్నాను. వినేవాడు లేడు కనుక రాస్తున్నాను.

అక్కడ పంచగంగ గుడి దగ్గర జనం విపరీతం. చెప్పులు, కొబ్బరి చిప్పలు, ఫోటోలు. నేను ఆ రద్దీని వదిలి పక్కనున్న కాలిబాట పట్టుకుని కృష్ణాబాయి గుడికి వెళ్ళాను. నాచు పట్టిన నల్లరాతి గుడి. దాని కింద లోయ, లోయ నిండా పొగమంచు. లోపల రాతి ఆవు నోటి నుంచి నీటి ధార పడుతోంది. బొటనవేలంత ధార. సాగర్ డ్యామును నింపే నది, సముద్రం దాకా పోయే నది, అక్కడ బొటనవేలంత. ఎవరూ తోడడం లేదు, ఎవరూ ఆపడం లేదు. దానంతట అది వస్తోంది. నా కళ్ళు చెమర్చాయి. పొగమంచు వల్ల.

బి.ఏ. ఫలితాలు వచ్చిన రోజున కీసరగుట్ట మీద నిలబడి ఒక మొక్కు మొక్కుకున్నాను. ఈ నగరం ఒకదాని తర్వాత ఒకటిగా తాగిన మూడు నదుల పుట్టుక చూసి, ఆ నీళ్ళు తెచ్చి, ఏడాదికొక నది చొప్పున శివరాత్రికి అభిషేకం చేస్తానని. మూసీ కోసం అనంతగిరికి వెళ్ళాను. మంజీర కోసం బాలాఘాట్ కొండల దాకా వెళ్ళాను. మిగిలింది కృష్ణ. ఈ శివరాత్రితో నా మొక్కు పూర్తవుతుంది. మా ఫ్యాక్టరీలో స్టోర్స్ ఇన్‌ఛార్జులు చాలామంది వచ్చిపోయారు. మూడు నదుల పుట్టుక చూసినవాడు నేనొక్కడినే.

ఇంటికి వచ్చేసరికి నా భార్య స్వర్ణలత గుమ్మంలో ఖాళీ బిందెల మధ్య కూర్చుని ఉంది. నల్లా రాలేదట. నా రాగి మరచెంబు ఆమె చేతికిచ్చి "కృష్ణ" అన్నాను.

"మంచిది. గూట్ల పెట్టు" అంది.

అంతే. ఈ దేశంలో ఎంతమంది భర్తలు భార్య చేతికి ఒక నదిని తెచ్చి ఇస్తారు?

పక్కింటి బుచ్చిరాములు మా ఫ్యాక్టరీలోనే ఫిట్టరు. గోడ మీదుగా తొంగి చూశాడు. "అన్న, గంత దూరం పోయి చెంబెడు తెచ్చినవా? ఒక ట్యాంకర్ మాట్లాడుకొని రావొద్దూ, గల్లీ అంతా నీ పేరు చెప్పుకొని తానం చేస్తుండె."

నేను లోపలికి వెళ్ళి మరచెంబు గూట్లో పెట్టుకున్నాను. సమాధానానికి అర్హత ఉండాలి.

28 నవంబరు

అత్తమ్మ వచ్చింది. వెంకటనర్సమ్మ. బావమరది నరేందర్ బస్సులో తీసుకువచ్చి దించి వెళ్ళాడు. సాగర్ రోడ్డులో మాల్ అనే ఊరు దాటాక వాళ్ళ ఊరు. అక్కడి బోరు నీళ్ళలో ఫ్లోరైడ్. ఆ నీళ్ళు తాగి తాగి ఆమె నడుము సగానికి వంగింది. మెడ తిరగదు. ఎవరినైనా చూడాలంటే మనిషంతా తిరగాలి. వేళ్ళు కొంకర్లు పోయాయి కనుక గ్లాసును రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని తాగుతుంది. వైద్యం కోసం తెచ్చారు.

రాత్రి భోజనాల దగ్గర ఆమే అడిగింది. "అల్లుడా, యాడికో పోయినవంట?"

చెప్పాను. మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. ఆమె అన్నం కలపడం మాని విన్నది. "ఆవు నోట్లకెల్లా? ఉత్తగనే వస్తయా నీళ్ళు? మోటర్ లేకుండ?"

"మోటారు లేదు అత్తమ్మా. సృష్టి మొదలైనప్పటి నుంచి వస్తున్నాయి. ఆ నీటికి ఏ దోషమూ లేదు. శరీరంలోని సమస్త వికారాలనూ అది తొలగిస్తుందని పెద్దలు చెప్పారు."

"ఎముకలకు సుత పనిజేస్తదా బిడ్డా?"

"అన్నిటికీ" అన్నాను.

స్వర్ణలత మధ్యలో లేచి వెళ్ళి పొయ్యి కట్టేసింది. ఆమెకు నా మాటలెప్పుడూ సగమే చాలు.

12 డిసెంబరు

దవాఖానాలో పెద్ద డాక్టరుకు చూపించాము. ఎక్స్‌రేలు చూసి, ఈ వయసులో వంగిన ఎముక తిరిగి నిలబడదని, కానీ నొప్పి తగ్గుతుందని చెప్పాడు. "మందులకన్నా ముఖ్యం, ఆ ఊరి నీళ్ళు మళ్ళీ తాగనివ్వకండి. నీళ్ళు మార్చడమే మందు" అన్నాడు.

ఆమె ఇక్కడే ఉంటుందని ఆ డాక్టరు ముందే ప్రకటించాను. నా ఇంట్లో, నా ఖర్చుతో, ఎంతకాలమైనా. స్వర్ణలత నా వైపు చూసిన చూపు పెళ్ళయిన కొత్తలో చూసినది. ఇలాంటి విషయాలు రాయరాదు. కొట్టివేయాలి.

19 డిసెంబరు

మన నదుల పుట్టుక గురించి కాలనీ సంఘం హాలులో ఒక ఉపన్యాసం ఇస్తానని లిఖితపూర్వకంగా కోరాను. ఫోటోలు కూడా పెద్దవి చేయించాను. అధ్యక్షుడు నవ్వి, "హాల్ల ఉద్యమం జేఏసీ మీటింగ్ ఉన్నది సార్. జనం నీళ్ళ పంచాయితీ మీద రగులుతున్రు. గీ టైంల నది యాడ పుట్టిందన్న ముచ్చట ఎవలింటరు?" అన్నాడు.

నదుల మీద పోట్లాడేవాళ్ళకు నది ఎక్కడ పుట్టిందో అక్కర్లేదు! పుట్టుక తెలియనివాడు వాటా ఏమి అడుగుతాడు? ఈ మాట అక్కడే అనవలసింది. మెట్లు దిగాక తట్టింది.

2 జనవరి 2011

ఒక్క అత్తమ్మే వింటోంది. నేను ఫ్యాక్టరీ నుంచి రాగానే, "ఇయ్యాల గా ఆవు ముచ్చట చెప్పు బిడ్డా" అంటుంది. నేను చెబుతాను. ఆమె ప్రతిసారీ అదే చోట అదే ప్రశ్న అడుగుతుంది. "ఎవ్వలు ఆపరా?" ఆపరంటాను. "మంచిగున్నది" అంటుంది.

ఇంత శ్రద్ధగల శ్రోత నాకు కళాశాలలో కూడా కనబడలేదు.

23 జనవరి

అత్తమ్మ తన చేతితో తానే తల దువ్వుకుంది. చెయ్యి అంత పైకి లేచి ఎన్నేళ్ళయిందోనని స్వర్ణలత వంటింట్లో ఏడ్చింది. నేను ఈ వార్త ఫ్యాక్టరీలో చెప్పాను. బుచ్చిరాములు కూడా ఎగతాళి చేయలేదు. "మంచి పని చేసినవన్న" అన్నాడు. ఆ మాట ఇక్కడ రాసి ఉంచుతున్నాను, తర్వాత తాను అనలేదంటాడు కనుక.

2 మార్చి, మహాశివరాత్రి

మొక్కు పూర్తయింది. కీసరగుట్ట మీద గర్భగుడిలో తోపులాట. ఆరుబయట లింగాలు ఎన్నో ఉన్నాయి. వాటికి ఎవరి చేతులతో వారు అభిషేకం చేసుకోవచ్చు. ఎండలో కాగుతున్న ఒక లింగం ఎంచుకుని, పేరు, గోత్రం, విద్యార్హత చెప్పుకుని, మరచెంబు మూత తిప్పి కృష్ణను పోశాను. చుట్టూ ఉన్నవాళ్ళకు వినబడేలా "ఇది మహాబలేశ్వరపు జలం" అని ప్రకటించాను. ఒక ముసలాయన ముందుకు వచ్చి తల మీద చల్లమని వంగాడు. ఆయన తర్వాత వరుస కట్టారు. అందరికీ చల్లాను. నా జీవితంలో ఇంత నిండైన రోజు లేదు.

రేపు ఉపవాసం విడిచే భోజనానికి గల్లీవాళ్ళను పిలిచాను.

3 మార్చి

నల్లా నీళ్ళు.

నాచారం నల్లా నీళ్ళు. నేను శివుడికి పోసినవి, ఆ ముసలాయన తల మీద చల్లినవి, ఆ వరుస కట్టిన భక్తులందరికీ పంచినవి, నా ఇంటి నల్లా నీళ్ళు.

క్రమంగా రాస్తాను. అందరూ విస్తళ్ళ ముందు కూర్చున్నారు. నేను కృష్ణ జన్మస్థానం గురించి చెబుతున్నాను. అత్తమ్మ గోడవారగా కూర్చుని వింటూ వింటూ, పాపం అమాయకంగా (ఈ మాట కొట్టివేయాలి), మధ్యలో అడిగింది. "మల్ల నిన్న పోసిన నీళ్ళు యాడియి బిడ్డా? నువ్వు తెచ్చినయి నేను ఎప్పుడో తాగేస్తి గదా. దినాం పొద్దుగాల గింతంత. నువ్వే చెప్తివి, ఎముకలకు సుత మంచిదని. సదువుకున్నోనివి, నీకంటె ఎవలికి తెలుస్తది? గందుకే చెయ్యి లేస్తున్నది."

బుచ్చిరాములు నోట్లో అన్నం పెట్టుకునే నవ్వాడు. "అంటే అన్న, దేవునికి నల్లా పోసొచ్చినవ్! మస్తు జేసినవ్! బిల్లు గుడోళ్ళకు పంపు!"

అందరూ నవ్వారు. నా ఇంట్లో, నా అన్నం తింటూ.

అత్తమ్మ వేళ్ళతో ఆ మూత మర తిరగదు. అది నాకు వెంటనే తట్టింది. స్వర్ణలత వైపు చూశాను. ఆమె దాచలేదు. "నేనే మూత తీసిచ్చిన. అయిపోయినంక నేనే నల్లా నీళ్ళు నింపిన. ఏమైతదయ్యా? నల్లాల వచ్చేటియి సుత కృష్ణ నీళ్ళే గదా. నువ్వే చెప్తవ్."

నేనేమీ అనలేదు. అనవలసింది మాత్రం అన్నాను.

4 మార్చి

వెళ్ళిపోయారు. తల్లీ కూతుళ్ళిద్దరూ. నరేందర్ ఆటో తెచ్చాడు. అత్తమ్మ తాను పడుకున్న చాప చుట్టి గోడకు ఆనించింది. నన్ను చూడాలంటే ఆమె మనిషంతా తిరగాలి. తిరగలేదు.

నేను ఆపలేదు. తప్పు చేసినవారు వెళుతున్నప్పుడు ఆపితే తప్పును ఒప్పుకున్నట్లు అవుతుంది. నేనేమీ అనలేదు. మొక్కు భంగపడిన మనిషి ఎవరైనా ఆ మాత్రం అంటాడు.

6 మార్చి

నల్లా వచ్చి వెళ్ళింది. ఏ పూట వస్తుందో నాకు తెలియదు. ఇన్నేళ్ళుగా తెలుసుకునే అవసరం రాలేదు. బుచ్చిరాములు భార్య రుక్కమ్మ ఒక బిందెడు పోసి, "బి.ఏ.ల గిది చెప్పలేదా అన్న?" అంది.

ఆ బిందె తిరిగి ఇచ్చేశాను. నీళ్ళతో సహా.

7 మార్చి

దాహం.

10 మార్చి, గురువారం

నరేందర్ ఫోను చేశాడు. వెనుక డప్పులు, నినాదాలు. "బావా, ట్యాంక్‌బండ్ కాడికి వస్తున్నం. మందంతా వస్తున్నరు. నువ్వు సుత రారాదు."

"నాకు డ్యూటీ ఉంది. అక్కడ అందరూ కుశలమేనా?"

"గట్ల వార్తలు చదివినట్లు అడుగకు బావా. అమ్మ ముచ్చటేనా? మల్ల బోరు నీళ్ళే తాగుతున్నది. చెయ్యి మల్ల లేస్తలేదు."

నగరానికి కృష్ణ నీళ్ళు తెచ్చే పైపు మీ ఊరి పొలిమేర నుంచే కదా వెళుతుంది, మీకు నీళ్ళకేమి లోటు అని అడిగాను. నా మీద నాకే అసహ్యం వేసే ప్రశ్న. అయినా అడిగాను.

నరేందర్ డప్పులకు కాస్త దూరం జరిగినట్టున్నాడు. "పోతది బావా. కృష్ణ మా ఊరి పక్కకెల్లే మీ నాచారం పోతది. మాకు సప్పుడు ఇనవడ్తది. నువ్వు అది పుట్టినకాడికి పోయి చూసొచ్చినవ్ గదా. మా ఇంటికెందుకు రాలేదో ఆడ అడుగకపోయినవా?"

ఫోను పెట్టేశాను. పెద్దవాళ్ళతో ఎలా మాట్లాడాలో ఈ తరానికి తెలియదు.

13 మార్చి

మరచెంబును పాత సామాన్లవాడికి వేయబోయాను. వాడు తూకం వేస్తుంటే వెనక్కి లాక్కున్నాను. వాడు తిట్టాడు. నేనూ తిట్టాను. గల్లీ చూసింది.

20 మార్చి

స్వర్ణలతతో ఫోనులో మాట్లాడాను. నేనే చేశాను. ఆ సంగతి ఇక్కడ రాయడానికి నాకేమీ నామోషీ లేదు.

"అత్తమ్మను తీసుకుని వచ్చేయి. డాక్టరు ఏమి చెప్పాడో మరిచిపోయావా? ఆ నీళ్ళు ఆమెకు విషం."

"ఎట్ల తీస్కరావాలె? దొంగ అన్నవ్."

"నేను ఆవేశంలో..."

"'దొంగను ఇంట్ల వెట్టుకొని తిండి వెడుతున్న' అన్నవ్. ముసల్దాని చేతిల ముద్ద ఉన్నది. పది మంది ముందల. గప్పుడు మంచిగ మన భాషనే వచ్చింది నీకు."

ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"నేను చెప్తే ఇంటలేదయ్యా. దొంగ పేరు మోసుకొని అల్లుని గడప ఎట్ల ఎక్కుత అంటున్నది. నువ్వొచ్చి అడుగు."

"నేను అడగాలా? నా మొక్కు చెడగొట్టింది ఎవరు?"

"నీ మొక్కే సూస్కో మరి" అని పెట్టేసింది.

21 మార్చి

అడగను.

22 మార్చి

అడగను. మూడు నదులు తిరిగినవాడిని. లోయల అంచున నడిచినవాడిని. ఒక ముసలి మనిషి చెంబెడు నీళ్ళు తాగిందని నేను వెళ్ళి అడగాలా? శివుడికి అపచారం జరిగింది, ఆయననెవరూ అడగడం లేదు. నన్ను అడగమంటున్నారు!

27 మార్చి

ఈ రోజు నల్లా వచ్చిన వేళకు మెలకువగానే ఉన్నాను. బిందె పెట్టాను. నీళ్ళు పడుతున్న చప్పుడు విన్నాను. అది వాళ్ళ ఊరి పక్క నుంచే వచ్చింది.

బిందె నిండి పొర్లినా కట్టబుద్ధి కాలేదు. రుక్కమ్మ గోడ మీద నుంచి అరిచింది.

5 ఏప్రిల్

నరేందర్ ఫోను. అత్తమ్మ మంచం దిగడం లేదు. మోకాళ్ళు బిగుసుకుపోయాయి. నోట్లో నీళ్ళు పోయబోతే కూడా "ఏ నీళ్ళు?" అని అడుగుతోందట. బోరువైతే వద్దంటుంది, నగరపు పైపు నుంచి కారిన కృష్ణ నీళ్ళైతే తాగుతుంది. అవి దొరికిన రోజు తాగుతుంది, దొరకని రోజు లేదు.

ఫ్యాక్టరీలో సెలవు పెట్టాను. కారణం అనే చోట ఏమీ రాయలేదు. మేనేజరు రాయమన్నాడు. "నా ఇష్టం" అని రాశాను. ఇలాంటిది నా సర్వీసులో మొదటిసారి.

10 ఏప్రిల్, ఆదివారం. అత్తమ్మ ఊరు. అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. చొక్కా లేదు, దండెం మీద ఉంది.

శుక్రవారం వచ్చాను. స్వర్ణలత వాకిట్లో చేట పట్టుకుని ఉంది. "వచ్చినవా" అంది. నాచారంలో కూడా అదే మాట అంటుంది. ఇక్కడ వేరుగా వినబడింది.

బస్సులో ఒక వాక్యం తయారు చేసుకున్నాను. మంచం ముందు నిలబడి అప్పగించాను. "అత్తమ్మా, జరిగినదానికి తీవ్రంగా చింతిస్తున్నాను. మీరు నాచారం రావలసిందిగా కోరుతున్నాను."

ఆమె గోడ వైపు పడుకుని ఉంది. గోడతోనే చెప్పింది. "గా సార్‌కు చాయ్ పెట్టు బిడ్డా. ఎండల పడి వచ్చిండు."

సార్! పాతికేళ్ళుగా అల్లుడిని.

"అత్తమ్మా, ఇక్కడి నీళ్ళు..."

"తెలుసు" అంది గోడతోనే. "చంపుతయి. గని, ఆడ అడిగి తాగాలె. అడుగక తాగితే దొంగతనం. ఈడ చచ్చేదానికి ఎవల్నీ అడిగేది లేదు."

కోపం వచ్చింది. ఆమె మీద అని రాయబోయాను. ఆమె మీద కాదు. ఎవరి మీదో తెలియని కోపం మనిషిని ఒకచోట నిలవనీయదు. శనివారమంతా పొలిమేరలో తిరిగాను. పైపు చూశాను. మనిషి ఎత్తున్న ఇనుప పైపు. చెవి పెట్టి విన్నాను. నరేందర్ చెప్పింది నిజం. చప్పుడు వినబడుతుంది. లోపల ఒక నది పరుగెత్తుతోంది, బయట పల్లేరుకాయలు.

ఈ ఉదయం స్వర్ణలత బిందె తీసుకుని బయలుదేరితే వెంట వెళ్ళాను. పైపు మీద గాలి వదిలే వాల్వు ఒకటి ఉంది. దాని అంచు నుంచి కారే నీటి కోసం ఆడవాళ్ళు గుంట చుట్టూ కూర్చుని ఉన్నారు. సన్నటి ధార. ఒక్కో బిందె నిండడానికి ఒక జీవితం. మల్లవ్వ అనే ముసలావిడ రేకు చేటతో పట్టి, గిన్నెలోకి వంచి, గిన్నె నుంచి బిందెలోకి వంచుతోంది.

"ఏందే స్వర్ణా, మీ ఆయన సుత వరుసల నిలవడ్డడా?" అంది మల్లవ్వ.

"నీళ్ళు పుట్టేకాడికి పోవుడు ఆయనకు అలవాటేనే అవ్వా" అంది స్వర్ణలత.

ఆడవాళ్ళు నవ్వారు. నాకు కోపం రాలేదు. ఆ ధారనే చూస్తున్నాను.

అప్పుడు మోటారు సైకిలు మీద పైపు కాపలా మనిషి వచ్చాడు. బసవరాజు అట పేరు. పక్క ఊరివాడే, కాంట్రాక్టు మనిషి. చేతిలో పొడవాటి పానా. ఎవరి మొహమూ చూడకుండా గుంటలోకి దిగి, వాల్వు నట్లు ఒక్కొక్కటీ బిగించాడు. ధార ఆగిపోయింది. మల్లవ్వ బిందె సగంలో ఉంది.

"నీ చేతులు పడిపోను! నీ తల్లి ఏం తాగుతదిరా?" అంది.

"బోరు నీళ్ళే తాగుతదవ్వా. నేను సుత గవే తాగుత. సూడు నా పండ్లు" అని పళ్ళు చూపించాడు. పచ్చగా, గీతలు పడి ఉన్నాయి. "నన్ను దిడితే ఏమొస్తది? బిగియ్యకపోతే నా నౌకరి పోతది."

అప్పుడు నా తెల్ల చొక్కా చూశాడు. నన్ను అధికారి అనుకున్నాడేమో, చేతులు జోడించాడు. "సార్, మీరు సిటీకెల్లి వచ్చినట్టున్నరు. జర మీరన్న చెప్పున్రి వీళ్ళకు. ఈ నీళ్ళు మీయేనాయె."

ఆడవాళ్ళందరూ నా వైపు చూశారు. స్వర్ణలత కూడా.

ఉపన్యాసం ఇవ్వడానికి ఇంతకన్నా మంచి సభ నాకు జీవితంలో దొరకలేదు. ఒక్క ముక్క తట్టలేదు. నా నీళ్ళట. నేను నాచారంలో బిందె పొర్లించి మోరీలో కలిపిన నీళ్ళు. ఆమె గింతంత తాగితే నేను దొంగ అన్న నీళ్ళు.

"పానా ఇటివ్వు" అన్నాను. పరీక్షగా చూస్తాననుకున్నాడు, ఇచ్చాడు. స్టోర్సులో ఇన్నేళ్ళుగా ఇలాంటి పానాలు జారీ చేశాను, సంతకం పెట్టించుకున్నాను, లెక్క చూశాను. ఒక్కసారి కూడా తిప్పలేదు. గుంటలోకి దిగాను. మొదటి నట్టు కదలలేదు. కాలు పెట్టి తొక్కాను. కదిలింది. రెండోది విప్పుతుంటే బసవరాజు నా నడుము పట్టుకుని లాగుతున్నాడు.

"సార్! సార్! నన్ను సంపుతున్రు సార్! పిల్లలున్నరు సార్!"

అప్పటికే నీళ్ళు లేచాయి. మనిషిని మించి లేచాయి. నన్ను వెనక్కి తోసి బురదలో కూర్చోబెట్టాయి. ఆడవాళ్ళు అరుస్తూ బిందెలు, కుండలు, చేటలు, చివరికి కొంగులు కూడా పట్టారు. నేను బురదలో కూర్చునే అరిచాను. "నేను ఇప్పిన! నా పేరు రాసుకో! బిక్షపతి, బి.ఏ., నాచారం! గీయన బిగించిండు, నేను ఇప్పిన! అందరు సూసిన్రు!"

బిందె భుజాన పెట్టుకుని నేనే ఇంటికి మోశాను. స్వర్ణలత వెనుక నడిచింది. నవ్విందో ఏడ్చిందో నేను తిరిగి చూడలేదు.

మంచం దగ్గర కూర్చుని గ్లాసు నింపి ఆమె రెండు అరచేతుల మధ్య పెట్టాను. ఏమీ చెప్పలేదు. నది పేరు కూడా చెప్పలేదు. ఆమె తాగింది. మొత్తం తాగింది. తర్వాత నా వైపు తిరగడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. నేను కదలకుండా కూర్చున్నాను.

"అంగి తడిసింది అల్లుడా" అంది. "ఇప్పి ఆరెయ్యి. సల్లగాలి కొడితే దగ్గొస్తది."

నాచారం వస్తుందో లేదో అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు.

సాయంత్రం బసవరాజు వచ్చాడు. వాల్వును కాంట్రాక్టరు మనుషులొచ్చి మళ్ళీ బిగించారట. రేపు పొద్దున నీళ్ళ బోర్డు అధికారి వస్తున్నాడట, పోలీసులతో. వాకిట్లో నిలబడి, "ఎవలు ఇప్పిన్రంటే ఏం చెప్పాలె సార్? నేనే ఇడిసిపెట్టిన్నంటరు. ఊరోళ్ళతోటి కలిసినవంటరు" అని మొహం తుడుచుకున్నాడు. కూర్చోబెట్టి అన్నం పెట్టించాను. తిన్నాడు కానీ తల ఎత్తలేదు.

ఈ డైరీ చదవవలసినవారు ఎవరూ లేరని మొదట్లో రాశాను. ఇప్పుడు ఉన్నారు.

మొదట స్వర్ణలత చదవాలి. మౌనంగా కాదు, అత్తమ్మ మంచం పక్కన కూర్చుని పైకి చదవాలి. మార్చి మూడో తేదీన "అనవలసింది మాత్రం అన్నాను" అని రాసిన చోట ఆగి, అన్న మాట "దొంగ" అని చేర్చి చదవాలి. నా మీద జాలితో ఎక్కడా మెత్తగా మార్చకూడదు. మా అమ్మాయి మానస వరంగల్ హాస్టలు నుంచి వచ్చాక తానే చదువుకుంటుంది. కూతురి ముందు తండ్రి తప్పులు దాచవద్దు. బుచ్చిరాములుకు ఇవ్వరాదు.

ఆ తర్వాత రేపు వచ్చే అధికారికి ఇవ్వాలి. ఆయనకు తీరిక లేకపోతే ఈ ఒక్క తేదీ చాలు. బసవరాజు తన పని సరిగా చేశాడు, గట్టిగా బిగించాడు, నన్ను ఆపడానికి నడుము పట్టుకుని లాగాడు. విప్పింది నేను. ఇది నా దస్తూరి. సంతకం కింద ఉంది. బసవరాజు ఉద్యోగం జోలికి పోకుండా నా మీద ఏ కేసు రాసుకున్నా ఒప్పుకుంటాను.

నేను ఎక్కడున్నానని ఆయన అడిగితే దూరం వెతకనక్కర్లేదని చెప్పండి. నరేందర్ ఎవరి దగ్గరో ఇంకో పానా తెచ్చాడు. ఆ అధికారి ఈ పేజీ చదివే వేళకు నేను వాల్వు దగ్గర ఉంటాను.

బిక్షపతి, బి.ఏ.